సుజాత ఎంచిన రేసింగ్ గేమ్

ఆదివారం, అరకు

అనంతగిరి ఘాట్‌లో కారు గోడకు రాసుకున్నప్పటి నుంచి నా భార్య సుజాత స్టీరింగ్ ముట్టలేదు. కాస్త ధైర్యం వస్తుందని ఈరోజు కంప్యూటర్‌లో రెండు రేసింగ్ గేముల డెమోలు పెట్టాను. మొదటిది అచ్చం నిజంలా ఉంటుంది. తొలి మలుపులోనే కారు బోల్తా పడింది, ఆమె ముఖం వాడిపోయింది. రెండోది ఉత్త సరదా ఆట. గోడను గుద్దినా కారు బంతిలా ఎగిరి మళ్లీ పరుగెత్తింది. సుజాత పగలబడి నవ్వింది.

"ఇదే కొనండి. నిజం రోడ్డు ఇంటి ముందే ఉంది కదా, ఆటలో కూడా భయపడాలేటి?" అంది.

కొన్నాను. భోజనాలయ్యాక తనే అంది, "రేపు బేగి లెగుదామండీ. అనంతగిరి దాకా నేనే తోలతాను."

సరేనన్నాను. ఎంత సంతోషంగా ఉందో! కాకపోతే ఆటలో ఆమె ఒక్కసారైనా బ్రేకు నొక్కినట్టు గుర్తులేదు...