రేవుకొచ్చిన పడవను కట్టెయ్యకు

రత్తమ్మొదినా, అన్నయ్య పడవను పట్టపగలు లాక్కుపోయింది కామందు వేణుగోపాలరాజు. చూస్తూ నోరుమూసుకుంది ఊరు.

దావా వెయ్యడానికి మునసబు కోర్టుకి పోతున్నాను. పడవ గుర్తులు, వెల, లాక్కున్న తేదీ స్టాంపు కాగితం మీద రాశాను. కళ్లారా చూసిన సాక్షులు ఇద్దరు కావాలి. సుబ్బాయమ్మత్తనీ పల్లంరాజునీ ఒప్పించు.

మూడు రోజులుగా తెల్లారేసరికి ఆ పడవ దానంతటదే మన రేవుకొస్తోంది. అందులో వల తడిగా ఉంటోంది. అన్నయ్య నీళ్లలో మునిగి పోయి నెల దాటింది కదా! నువ్వు కట్టేశావంటే పడవ నీ దగ్గరే ఉందంటారు, దావా పోతుంది. “రత్తీ, తాడందుకో” అని అన్నయ్య గొంతు పిలిచినా గడప దాటకు.

ఇవాళ నన్నూ పిలిచాడు. చెయ్యి తాడు దాకా పోయింది. అందుకే పడవ కట్టే తాడు నాతో పట్టుకుపోతున్నాను. ఏడిస్తే ఏడువు గానీ, సోమవారానికి సాక్షుల్ని పంపు.