దొరగారి తాళంచెవి, కొయ్య సుత్తి

లేడీస్ టైలరుగా ఇల్లు నడిపిన నేను, ఇప్పటికీ సూదిలో దారం ఒక్క విసురులో ఎక్కించగల చేతితోనూ, ఎవరెవరు నన్ను ఏమేమన్నారో వరసగా అప్పజెప్పగల జ్ఞాపకంతోనూ, ఎవరి ఒత్తిడీ లేకుండా, పూర్తి తెలివితో రాస్తున్న వీలునామా ఇది. ఇంతకుముందు మా అల్లుడు పక్కన కూర్చుని రాయించినది దీనితో రద్దయింది.

దీన్ని చదివి అమలుచేసే బాధ్యత మా వీధి చివరి షెడ్డు మెకానిక్కుది. అందరూ అతన్ని పానా అంటారు. లాయర్లుండగా మెకానిక్కు ఎందుకని అల్లుడు అడుగుతాడు. నా సంపాదనలో ముప్పాతిక ఇతని షెడ్డులోకే పోయింది, మిగిలిన పాతిక ఎటు పోతుందో చూసే హక్కు ఇతనిదే. ఇంటి ముందు, కారు పక్కన నిలబడి చదవాలి. నా కూతురూ కొడుకూ ఇద్దరూ ఉండాలి.

1. నా స్వార్జితమైన ఇల్లు నా తదనంతరం ఇద్దరికీ చెరిసగం. మధ్యలో గోడ కట్టడానికి వీల్లేదు. ఈ హక్కుకున్న షరతు ఆరో అంశంలో వస్తుంది, తొందరపడవద్దు.

2. షాపులోని పెద్ద కుట్టుమిషను కాజాలు కుట్టే అమ్మాయికి సర్వహక్కులతో ఇస్తున్నాను. ఆమె కుట్టిన కాజాను విప్పి మళ్ళీ కుట్టాల్సిన అవసరం నాకు ఒక్కసారీ రాలేదు. ఈ మాట ఆమెకు ఎదురుగా చెప్పలేదు, జీతం పెంచమంటుందని.

3. మా ఆయన ఒక హోటలు యజమాని దగ్గర మోజుపడి కొన్న నల్లటి పొడుగు కారు, ఇంట్లో పేరు దొరగారు, నా చరాస్తుల్లో ముఖ్యమైనది. పైన పటారం, లోన లొటారం. తర్వాత మోసపోయామని ఎవరూ అనకుండా దాని గుణగణాలు ఇక్కడే చెబుతున్నాను.

దొరగారికి మామూలు కార్లలాగా స్ప్రింగులు ఉండవు, గాలి తిత్తులుంటాయి. అవి చిల్లులు పడి, నిలబెట్టిన చోటే ముందుకు కూలబడి దణ్ణం పెడుతుంటారు. గాలి నింపే కంప్రెసరు పాపం వాటితో పోరాడి పోరాడి కాలిపోయింది. మరమ్మతు ఖర్చులన్నీ నేను ఫ్రాకుల్లో లెక్కగట్టేదాన్ని. రెండు తిత్తులూ కంప్రెసరూ కలిపి, ఒక బడిలోని ఆడపిల్లలందరికీ యూనిఫారాలు కుట్టినంత. సన్‌రూఫు కాలువలు పూడుకుపోతే వాననీరంతా డ్రైవరు పక్క సీటులో కూర్చున్నవాళ్ళ ఒళ్ళోకే. కిటికీ అద్దం దిగుతుంది, ఎక్కడం దాని ఇష్టం. నేను కాఫీ తాగినదానికంటే అది ఆయిలు తాగినదే ఎక్కువ.

ఒకసారి లోపలి దీపాలు వెలగడం లేదని పానా డాష్‌బోర్డు మొత్తం ఊడబెరికాడు. చివరికి పోయింది చిటికెన వేలి గోరంత ఫ్యూజు. కొండను తవ్వి ఎలుకను పట్టాడు, బిల్లు మాత్రం కొండకు వేశాడు. పానా, ఈ వాక్యం మింగకుండా గట్టిగా చదువు.

టాపు లోపలి గుడ్డ ఊడి అందరి నెత్తి మీదా పడుతుంటే, బ్యాండువాళ్ళ కోట్లకు తెచ్చిన ఎర్ర లైనింగులో మిగిలిన ముక్కతో నేనే కుట్టాను. దొరగారిలో ఇంతవరకు మళ్ళీ చెడనిది అదొక్కటే.

4. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, నాకు చెప్పకుండా దొరగారిని పాతసామాన్లవాడికి బేరం పెట్టిన మా అల్లుడికి, డిక్కీలో ఉన్న పెద్ద గొడుగు ఇస్తున్నాను. డ్రైవరు పక్క సీటు ఎలాగూ అతనిదే, పనికొస్తుంది.

5. ఇక అసలు సంగతి. రేడియేటరులో ఇంజనును చల్లగా ఉంచే కూలెంటు పోయాల్సిన చోట, దండగ ఖర్చని నా కొడుకు కుళాయి నీళ్ళు పోశాడు. ఆ కారు తీసుకుని వెళ్ళిన నా కూతురు, వేడి ముల్లు ఎర్రగీత దాటినా చూసుకోకుండా వంతెన మధ్య దాకా తోలింది. ఆ వేడికి ఇంజనులో హెడ్డు గాస్కెట్టు పేలింది. "నీళ్ళు పోసిందెవరు?" అని అది, "కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావు?" అని వీడు. ఇంజను బాగుచేయించడానికి కారు కొన్న ధరకు మించి అయింది. ఇంజను బాగుపడింది, వీళ్ళే బాగుపడలేదు.

ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఒకే బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని, "ఉప్పు ఇటు జరపమని వాడికి చెప్పమ్మా" అని ఒకరు, "చేతులున్నాయిగా, తీసుకోమని అక్కకి చెప్పమ్మా" అని ఇంకొకరు. మధ్యలో మాటలు మోసి మోసి నా నోరు నొప్పి పుట్టింది. నేను పోయాక ఈ మోత ఎవరు మోస్తారన్నదే నా దిగులు. చావంటే కూడా నాకు ఇంత దిగులు లేదు.

6. కాబట్టి దొరగారి తాళంచెవి కూతురికి. షాపులో బెల్టులకు రింగులు బిగించే కొయ్య సుత్తి కొడుక్కి. మన కారు స్టార్టరు మోటారు జబ్బు మీకు చిన్నప్పటినుంచీ తెలుసు. ఒకరు బానెట్ ఎత్తి దాని మీద సుత్తితో తట్టి, "ఇప్పుడు!" అని అరవాలి. లోపల కూర్చున్నవాళ్ళు "సరే!" అని తాళం తిప్పాలి. మీ నాన్నా నేనూ అలాగే బండి తీసేవాళ్ళం. ఎంత పోట్లాడుకున్నా ఆ రెండు మాటలు మాత్రం తప్పేవి కావు.

పానా, ఇక్కడ ఆపు. కాగితం మడిచి జేబులో పెట్టుకో. ఇద్దరూ కలిసి ఇంజను స్టార్టు చేశాకే మిగతాది చదవాలి. మొండికేస్తే ఇల్లూ కారూ రెండూ నీవే. అలాగని సుత్తి దాచేయకు.

7. దొరగారు లేచారా? అయితే వినండి.

మీ నాన్న పోయాక ఒకరోజు షాపుకు బయల్దేరాను. సుత్తి కొట్టే మనిషి లేడు. సీట్లో ఊరికే కూర్చుని, అలవాటుకొద్దీ తాళం తిప్పాను. ఒక్క తిప్పుకే స్టార్టయింది. పానాను నిలదీస్తే ఒప్పుకున్నాడు. "స్టార్టరు మార్చి చాన్నాళ్ళయిందమ్మా. అయ్యగారే చెప్పొద్దన్నారు. బాగైందని తెలిస్తే, అలిగిన రోజు ఆవిడ నాతో ఒక్క మాటైనా మాట్లాడదురా అన్నారు."

అంటే అన్నేళ్ళూ ఆయన వానలో కూడా దిగి, బానెట్ ఎత్తి, బాగున్న మోటారునే కొట్టాడు. మనం ఒక్కరమూ కొట్టకుండా తిప్పి చూడలేదు. ఆ రోజు షాపు తెరవలేదు. స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చాను. తర్వాత నవ్వొచ్చింది, ఎంత మోసగాడితో కాపురం చేశానా అని. అప్పటినుంచి పక్క అపార్టుమెంటు వాచ్‌మన్ కొడుతున్నాడని మీకు చెప్పాను. పాపం, సుత్తి ఎక్కడుంటుందో కూడా అతనికి తెలియదు.

పానా, ఇన్నాళ్ళు నోరు మెదపనందుకు, ఎలుక మాట వెనక్కి తీసుకుంటున్నాను.

పిల్లలూ, ఇప్పుడు ఇద్దరూ ఒకరితో ఒకరు ఒక్కో మాట అన్నారు, నా చెవిన పడకపోయినా నాకు తెలుసు. సుత్తి పారేయకండి. రేపు కూడా, అక్కర్లేకపోయినా, తమ్ముడు కొట్టాలి, అక్క తిప్పాలి.

జూన్ నెల పన్నెండో తేదీ, షాపు కత్తిరింపు బల్ల మీద రాసినది.

సంతకం: మీ అమ్మ

సాక్షులు:
ఎదురింటి పళ్ళ డాక్టరు (చదవకుండానే సంతకం చేశారు, ఆయన అలవాటే అంత)
పక్క అపార్టుమెంటు వాచ్‌మన్ (చదివి, "నేనెప్పుడు కొట్టానమ్మా?" అని అడిగి, సంతకం చేశాడు)