సంచీ లేని వాక్యూమ్ క్లీనర్

తమ్ముడూ,

నీ కొత్త వాక్యూమ్ క్లీనర్ దుమ్ము డబ్బాని ఇంక బాల్కనీలో దులపకు. గాలికి ఆ దుమ్మంతా వంటింటి కిటికీలోంచి మళ్లీ లోపలికే వస్తోంది. నువ్వు మళ్లీ దాన్నే ఊడుస్తున్నావు. మూడు రోజులుగా అదే దుమ్ము ఇల్లంతా తిరుగుతోంది, నేను తుమ్మలేక చస్తున్నాను. పాతదయితే సంచీ తీసి అలాగే చెత్తబుట్టలో పడేస్తే పీడా పోయేది. ఈ డబ్బాని కింద చెత్తకుండీ దగ్గరికి తీసుకెళ్లి ఖాళీ చెయ్యి. కడిగిన ఫిల్టరు పూర్తిగా ఆరాకే పెట్టు, నీకు దణ్ణం పెడతాను.

అక్క

అన్నట్టు, నువ్వే పోగొట్టావని నెల్లాళ్లుగా తిడుతున్నానే, నా దిద్దు మర, పొద్దున సోఫా కింద ఊడిస్తే ఆ అద్దంలాంటి డబ్బాలో గిర్రున తిరుగుతూ కనిపించింది. సంచీలో పడుంటే చెత్తతోపాటే పోయేది. అయినా తిట్లు వెనక్కి తీసుకోను. ఈ తుమ్ములకి చెల్లు.