మా వీధికి నా టోపీయే సూచన

సోమవారం

నా నున్నటి తల మీద ఒక మచ్చ. చర్మం డాక్టరమ్మ కాల్చేసింది. నొప్పి లేదు. అవమానం ఉంది.

"వాతావరణ కేంద్రంలో పనిచేస్తారా? ఎండని రోజూ కొలుస్తారా? మరి తల మీద ఏమీ పెట్టుకోరా?"

ఎండ పూట నేను బయల్దేరితే టోపీ పట్టుకుని గుమ్మం దాకా వచ్చేది నా భార్య. ఆమె పోయాక ఆ పని ఎవరిదో తేలలేదు.

రెండు వారాల తర్వాత మళ్లీ చూస్తుందట. ఎర్రబడితే కోసి కుట్లు వేస్తుందట.

సాయంత్రం మరదలు వచ్చింది. నా భార్యకి చెల్లెలు. వచ్చిన పని మామూలుదే.

"అక్క బీరువా తాళం ఇవ్వండి బావగారూ. పురుగు పట్టకముందే ఆ బట్టలు ఎవరికైనా ఇచ్చేద్దాం."

"వద్దు."

"తెరవరు, తెరవనివ్వరు. సొంత తల కాపాడుకోలేనాయన బీరువా ఏం కాపాడతారు?"

పందెం కుదిరింది. డాక్టరమ్మ మళ్లీ చూసేదాకా నేను ఒక్కసారి కూడా ఉత్త తలతో గేటు దాటకూడదు. నెగ్గితే బీరువా జోలికి రాదు. ఓడితే తాళంచెవి ఆమెది.

టోపీ పెట్టుకోవడం ఎంతసేపు! నెగ్గినట్టే.

మంగళవారం

శాస్త్రీయంగా చేస్తున్నాను. ఒక్కో వాతావరణానికి ఒక్కో టోపీ. కొన్నవి:

ఎండకి: చుట్టూ వెడల్పు అంచు.
వానకి: రబ్బరు పూత.
చలికి: ఉన్నిది, చెవుల దాకా దిగుతుంది.
గాలికి: తలకి బిగుతుగా పట్టే చిన్నది.

గాలి కొలిచే స్తంభం ఎక్కేటప్పుడు పెట్టుకునే హెల్మెట్ ఎలాగూ ఆఫీసులో ఉంది.

"ఎంతమందికి సార్?" అన్నాడు షాపతను.

"ఒక్క తలకే."

జాలిగా చూసి కొంత ధర తగ్గించాడు.

బుధవారం

సాయంత్రం వాన అని నేనే సూచన రాశాను. వాన టోపీతో బయల్దేరాను. మూలమీద ఇస్త్రీ అతను పైకి చూశాడు. ఆకాశంలో మబ్బు ముక్క లేదు. నా తల చూశాడు. తీగ మీది బట్టలన్నీ లోపలికి లాగేశాడు.

నాలుగున్నరకి కుండపోత!

"రేడియో కన్నా మీ తల నయం సార్!" అని వీధి ఆ చివరికి వినబడేలా అరిచాడు.

ఆఫీసులో కుర్ర ఉద్యోగి ఉన్నాడు. గొంతు వల్ల అతన్ని అందరం ఉరుము అంటాం. "మీకు టోపీ పెట్టిందెవరు సార్?" అన్నాడు.

"మరదలు" అన్నాను. సాయంత్రం దాకా నవ్వాడు.

శుక్రవారం

నేను ప్రసిద్ధుణ్ణయ్యాను. పొద్దున గేటు తీసేసరికి ఎదురింటి బాల్కనీలో ఇద్దరు, పక్కింటి కిటికీలో ఒకరు. ఎండ టోపీ కనబడగానే దుప్పట్లు పిట్టగోడల మీదికి వచ్చేశాయి. గోడలకి రంగులేసే ఆయన అడ్డంపడి అడిగాడు.

"సార్, రెండో పూత వెయ్యొచ్చా?"

"వెయ్యండి."

వేశాడు. ఎండింది. చెయ్యెత్తి నమస్కారం పెట్టాడు.

ఇంతకాలం ఈ వీధివాళ్లు నాతో మాట్లాడేది నా భార్య కోసమే అనుకునేవాణ్ణి. ఆమె లేకపోయాక వాళ్లూ తల దించుకుని తప్పుకునేవాళ్లు. ఇప్పుడు అందరూ తలెత్తి నా నెత్తి చూస్తున్నారు.

శనివారం

వాన టోపీ. వీధి మొత్తం లోపల. రంగులాయన నిచ్చెన దిగేశాడు.

వాన రాలేదు. మాడ్చే ఎండ. రబ్బరు టోపీ లోపల తల ఇడ్లీపాత్రలో పెట్టినట్టు ఉడికింది. తియ్యలేను, పందెం. తీస్తే సూచన తప్పని ఒప్పుకున్నట్టు, అది ఇంకా ఘోరం.

సాయంత్రం ఇస్త్రీ అతను పచ్చిబట్టల కుప్ప పక్కన నిలబడి అడిగాడు. "సార్, టోపీ తప్పా, తల తప్పా?"

ఆదివారం

చెత్తబుట్ట గేటు బయట పెట్టాను. ఉత్త తలతో. కానీ నేను గేటు లోపలే ఉన్నాను. బయటికి వెళ్లింది చెయ్యి మాత్రమే. చేతికి పందెం వర్తించదు.

సోమవారం

ఉన్ని టోపీ మెషీన్‌లో వేడినీళ్లలో వేశాను. బయటికి వచ్చేసరికి పిడికెడైంది. తలకి పట్టదు. టీ కెటిల్‌కి అచ్చు కొలత తీసి అల్లినట్టు పట్టింది. టీ చాలాసేపు వేడిగా ఉంది. రెండు కప్పులు తాగాను. పూర్తి నష్టం కాదు.

ఇంకా మూడున్నాయి. ఎలాగూ ఇప్పుడు చలి లేదు.

మంగళవారం

పొద్దున గాలి కొలిచి, మధ్యాహ్నం ఈదురుగాలి అని నా చేత్తోనే రాశాను. ఆకాశం మాత్రం తళతళలాడుతోంది. చూసి మోసపోయి ఎండ టోపీతో భోజనానికి బయటికి వెళ్లాను.

ఒక్క విసురు. టోపీ లేచింది, గిర్రున తిరిగింది, వెళ్తున్న బస్సు పైకప్పు మీద దిగింది. టికెట్ లేకుండా వెళ్లిపోయింది.

"సార్, గాలి అని రాసింది మీరే కదా సార్!" ఉరుము అరుపుకి ఆ రోడ్డు మీద వాళ్లందరూ ఆగి నన్ను చూశారు.

ఇంటికి తలమీద దినపత్రిక కప్పుకుని వచ్చాను. పత్రిక టోపీ కాదని పందెంలో ఎక్కడా అనుకోలేదు.

"ఇవాళ టోపీ లేదేంటి సార్? వాతావరణమే లేదా?" అన్నాడు ఇస్త్రీ అతను.

గురువారం

ఒకే రోజు రెండు పోయాయి. వరసగా రాస్తాను.

పొద్దున గాలి టోపీతో ఆఫీసుకి వెళ్లాను. స్తంభం ఎక్కడానికి హెల్మెట్ పెట్టుకోవాలి కదా, టోపీ తీసి చేతికందిన చోట పెట్టాను. ఆ చోటు ఆవరణలోని వాన కొలిచే డబ్బా. సరిగ్గా మూతి మీద. దిగి, మర్చిపోయి లోపలికి వెళ్లాను. మధ్యాహ్నం జడివాన. కిటికీల్లోంచి నీళ్లు, మెట్ల మీద నీళ్లు. డబ్బాలో చుక్క లేదు. ఉరుము నిజాయితీపరుడు. చూసిందే రాశాడు: వర్షపాతం, లేదు. పైకి పంపించాడు కూడా.

మా అధికారి తడిసి ముద్దై వచ్చి ఆ కాగితం చూశాడు. "ఏవయ్యా, మరి నా మీద పడిందేంటి?" టోపీ సాక్ష్యంగా ఆయన బల్ల సొరుగులోకి వెళ్లింది.

ఇంటికి వాన టోపీతో బయల్దేరాను. అది సంచీలో ఉంది, నా దూరదృష్టి. మూలమీద ఇస్త్రీ అతను తన బొగ్గుల పెట్టె మీద చొక్కా కప్పి, తను తడుస్తూ నిలబడ్డాడు. టోపీ తీసి అతని తల మీద పెట్టాను. పందెం గుర్తుంది. అయినా పెట్టాను. ఇల్లు పది అడుగులే.

శుక్రవారం

మిగిలింది ఆఫీసు హెల్మెట్. పొద్దున పత్రిక కప్పుకుని వెళ్లాను, సాయంత్రం హెల్మెట్‌తోనే నడిచి వచ్చాను. పసుపు రంగు, గడ్డం కింద పట్టీ.

వీధిలో మాటలు ఆగిపోయాయి. బాల్కనీలు ఖాళీ అయ్యాయి. ఎదురింటాయన కారు తీసి చూరు కిందికి తోశాడు. రంగులాయన నిచ్చెనతో సహా లోపలికి వెళ్లిపోయాడు.

"హెల్మెటా! ఏం పడబోతోంది సార్?" ఇస్త్రీ అతను బల్ల కింద నుంచి అడిగాడు. "వడగళ్లా? అంతకన్నా పెద్దవా?"

"ఏమీ పడదు."

"మీరు చెప్పరు సార్, భయపడతామని."

శనివారం

అధికారి ఉరుముని ఇంటికి పంపి హెల్మెట్ వెనక్కి తెప్పించుకున్నాడు. టోపీల షాపుకి ఫోన్ చేశాను, మూసి ఉంది. షాపతని కూతురి పెళ్లట, మంగళవారం దాకా తియ్యడట. ఇల్లు కదల్లేదు. కదలకపోతే ఓడినట్టు కాదు.

ఆదివారం

కదల్లేదు. కెటిల్ టోపీ ఒకసారి ప్రయత్నించాను. నుదుటి దగ్గరే ఆగిపోయింది.

సోమవారం

పన్నెండింటికి డాక్టరమ్మ. బయట నిప్పులు చెరుగుతోంది. పత్రికని డాక్టరమ్మ టోపీ అనదు, తల మీద పెట్టుకోవడానికి ఇంకేమీ లేదు. ఉత్త తలతో వెళ్తే బీరువా పోతుంది. వెళ్లకపోతే తల.

బీరువా తెరిచాను.

ఆమె పిల్లలకి ఈత నేర్పేది. బట్టల్లో ఇంకా కొలను నీళ్ల వాసన. పైఅరలో నీలం టోపీ, అంచు చుట్టూ పసుపు కుట్టు. చూశాను. ముందు కన్నా వెనక అంచు పొడుగు, మెడకి నీడ. పక్కన గాలి ఆడే కన్నాలు. గడ్డం కింద తాడు, బిగించడానికి పూస. నేను నాలుగు టోపీల్లో చేసిన తప్పులన్నీ ఆమె ఒక్క టోపీలో ముందే సరిచేసి పెట్టుకుంది.

జుట్టు ముడికి చోటు వదిలి కొనుక్కుంది. నాకు వదులు. తాడు బిగించాను.

వీధి చూసింది. ఎవరూ నవ్వలేదు. ఇస్త్రీ అతను పెట్టె పక్కన పెట్టి ముందుకు వచ్చాడు.

"సార్, ఈ టోపీకి ఏ వాతావరణం?"

"తెలియదు."

"సూచన లేదా?"

"లేదు."

తీగ మీది బట్టల వైపు చూశాడు. "అయితే బట్టలు బయటే ఉంచుతాను సార్. మేడమ్ గారి టోపీ కదా."

డాక్టరమ్మ తల చూసింది. మచ్చ మాయం. "ఈ టోపీ ఎవరు ఎంచారు? ఇదే వాడండి."

సాయంత్రం మరదలు. చెయ్యి, పత్రిక, పది అడుగులు, అన్నీ చెప్పాను.

"ఓడిపోయారు."

"ఓడిపోయాను."

తాళంచెవి ఇవ్వబోయాను. బీరువా తలుపు అప్పటికే బార్లా తీసి ఉంది. ఆమె దాన్ని చూసింది, నన్ను చూసింది, నేల మీద కూర్చుంది. నేనూ కూర్చున్నాను. చొక్కాలు ఒక సంచీ. శాలువాలు ఒక సంచీ. అడుగున ఈత టోపీలు, రబ్బరువి, ఒకదాని మీద రబ్బరు పువ్వులు. మరదలు అది లాగి లాగి తలకి ఎక్కించింది. కనుబొమలు పైకి పోయాయి, చెవులు మడతపడ్డాయి.

"అక్కలా ఉన్నానా?"

"లేవు. కోడిగుడ్డులా ఉన్నావు."

"మీరు పెట్టుకోండి చూద్దాం!"

పెట్టుకున్నాను. అద్దంలో రెండు గుడ్లు. ఆమె గోడకి జారగిలబడింది. నవ్వుకి నాకు ఊపిరి ఆడలేదు. పక్కింటివాళ్లు తలుపు తట్టి అంతా బాగానే ఉందా అని అడిగారు. బాగానే ఉందన్నాను. నెత్తిన ఈత టోపీ ఉందని వాళ్లు వెళ్లాక గుర్తొచ్చింది.

సంచులు నేనే గుమ్మం దాకా మోశాను. అప్పుడే చినుకులు. సూచనలో లేవు. మరదలు నీలం టోపీ తీసి పెట్టుకుంది.

"అది సంచీలోది కాదు" అన్నాను.

"తెలుసు. జుట్టున్నదాన్ని, తడిస్తే జలుబు చేస్తుంది. కావాలంటే రేపు ఇంటికి వచ్చి తీసుకోండి. అక్క పోయాక మా గడప తొక్కారా మీరు?"

వెళ్లిపోయింది.

మంగళవారం

కొత్త తీర్మానం. పందెం లేదు. ఇవాళ్టి నుంచి ఎండయినా వానయినా ఉత్త తలతో గడప దాటను. టోపీ ఒక్కటే, నీలంది.

అది తెచ్చుకోవాలంటే మరదలి ఇంటికి వెళ్లాలి. ఉత్త తలతోనే వెళ్లాలి. ఆ ఒక్కసారి లెక్కలోకి రాదు.

తీర్మానం వాళ్ల గడప దగ్గర మొదలవుతుంది. భోజనానికి ఉంటానని ఫోన్ చేసి చెప్పాను.