వదిన నోట్లో నా పళ్ళు

జూన్ 2

ఈ వృద్ధాశ్రమంలో ఉన్న ఇద్దరు ఆయాల్లో ఒకామె మానేసింది. ఉన్న ఒక్కతే అందరికీ స్నానాలు చేయించాలి, డైపర్లు మార్చాలి, తినిపించాలి. టైం కలిసొస్తుందని ఇవాళ అందరి కట్టుడు పళ్ళూ ఒకే టబ్బులో వేసి కడిగేసింది.

జూన్ 3

ఈ పళ్ళు నావి కావు. వయసుకి చిగుళ్ళు అరిగిపోతాయమ్మా అంటుంది ఆయా. రాత్రికి రాత్రేనా? కోపంతో పళ్ళు నూరుదామంటే అవీ నావి కావాయె.

జూన్ 6, మధ్యాహ్నం

దొరికాయి! పక్క మంచం వదిన నోట్లో. చుట్టం కాదు, రిటైరైన టీచరు. మతిమరుపు మనిషి, అందర్నీ వదినా అంటుంది, నేనూ అలాగే పిలుస్తాను. ఇవాళ నవ్వితే పైపంటి మీద గాటు కనిపించింది. బతుకంతా టైలరింగే నాది. కత్తెర పక్కనే ఉన్నా దారం పంటితోనే కొరికేదాన్ని, ఈ సెట్టు పెట్టించుకున్నాక కూడా. ఆ గాటు నాదే. అంటే నా నోట్లోవి ఆవిడవి. పైగా నావి ఆవిడకి అతికినట్టు సరిపోయాయి!

ఒళ్ళు మండింది. అందరి ముందూ దొంగా, నా పళ్ళు నాకిచ్చెయ్ అని అరిచాను. వదిన రెండు చేతులతో నోరు మూసుకుని ఏడ్చింది.

జూన్ 7

ఆవిడ నోరు తెరవట్లేదు, చెయ్యి పెడితే కొరుకుతోంది, మీరు గొడవ చెయ్యకండి అంది హెడ్ నర్సు. డెంటిస్ట్ వచ్చే నెల వస్తాడట. అందాకా నాకు అన్నీ మిక్సీలో వేసి పెడతారట.

జూన్ 12

మిక్సీలో పడ్డాక అన్నీ ఒకటే రంగు, ఒకటే వాసన. రెండు చెంచాలు దిగవు. వస్తారు, నిండు ప్లేటు తీసుకుపోతారు. తిన్నావా అని ఒక్కరూ అడగరు. గౌను వదులైంది. ఆయాని బతిమాలి సూదీ దారం తెప్పించుకుని, పక్కలు మడిచి కుట్టుకున్నాను.

జూన్ 19

మళ్ళీ కుట్టాను.

జూన్ 23

వదిన నోరు కంపు కొడుతోంది. నేను అరిచిన రోజు నుంచీ పళ్ళు తియ్యనివ్వడం లేదు. ఆయా కూడా అడగడం మానేసింది. ఒక పని తగ్గిందమ్మా అంది, నా మొహం చూడకుండా. లోపలంతా పుళ్ళే అయ్యుంటాయి. ఆవిడకి నోరు మూసుకోవడం నేర్పింది నేనే.

పక్కన కూర్చుని, అవి నీ పళ్ళే వదినా, ఎవరూ తీసుకోరు, ఒక్కసారి కడుక్కుందాం రా అని బతిమాలాను. తెరవలేదు. నర్సుకి చెప్పాను. చూస్తానంది.

జూన్ 26

వదినకి జ్వరం. నోట్లో చీము ఊపిరితిత్తుల్లోకి దిగిందట.

జూన్ 28, పొద్దున

వదిన పోయింది.

కొడుకు వచ్చాడు. అమ్మ నవ్వుతున్నట్టే ఉంది, బాగా చూసుకున్నారమ్మా అని ఆయా చేతులు పట్టుకున్నాడు. ఆయా నావైపు చూసింది. వదిన పెదాల మధ్య గాటు కనిపిస్తూనే ఉంది. అడిగితే తీసి ఇచ్చేవాళ్ళేమో. అవి నీవేనని వదినకి మాటిచ్చాను కదా. గోడవైపు తిరిగి పడుకున్నాను.

జూలై 1

గౌను ఇంకోసారి కుట్టాను. దారం కొరకబోతే వదిన పళ్ళు ఊడి ఒళ్ళో పడ్డాయి. కొంగులేని గౌను, చేత్తోనే తుడిచాను. అరచేతిలో పెట్టుకుని, తిన్నావా వదినా అని అడిగాను.