క్యాంపు ఫారంలో నా నంబరు

గురువారం

మా గులాబీ తోటకు ఉచిత క్యాన్సర్ పరీక్షల వ్యాను వచ్చిన రోజు, ఫోన్ లేని ఆడవాళ్ళందరి ఫారాల్లోనూ నా నంబరే రాశాను.

ఈరోజు ఆ క్యాంపు నర్సు ఫోన్ చేసింది. "లక్ష్మమ్మేనా? రొమ్ము పరీక్ష మళ్ళా చేయాలమ్మా. సోమవారం కృష్ణగిరి పెద్దాసుపత్రికి రాండి, తోడు ఎవురినన్నా పిల్చుకోని రాండి."

ఎందుకో "నేనే" అన్నాను. సరేనని పెట్టేశాను.

పక్క సాలులోనే లక్ష్మమ్మక్క పూలు కోస్తోంది. "ఎవురమ్మా ఫోను?"

"ఎవురో లేక్కా."

"క్యాంపోళ్ళు ఇంగా చేయలేదు కదా? అంటే నాకేమీ లేదన్నట్టే," అని నవ్వింది. మధ్యాహ్నం తన సంగటిలో సగం నాకు పెట్టింది. తిన్నాను. రుచి తెలియలేదు.

రేపు చెప్పాలి. ఎలా మొదలుపెట్టాలో...

నర్సు రిజిస్టరులో మాత్రం లక్ష్మమ్మకు కబురు అందిపోయింది.