లీవులో ఉన్న డైరెక్టరు పేరు కొట్టివేయరాదని

కంపెనీల రిజిస్ట్రారు గారి సముఖమునకు, హైదరాబాదు.

కరీంనగర్ జిల్లా సిరిసిల్ల వాస్తవ్యురాలు, భూమవ్వ ఫ్యాబ్రిక్స్ ప్రైవేటు లిమిటెడ్ డైరెక్టరు ఆడెపు భూమవ్వ, తనకు చదువు రాదు గనుక సర్కారు మాటలు తెలిసిన లతీఫ్ సాబుకు చెప్పి రాయించుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: మా కంపెనీ రెండవ డైరెక్టరు, నా కొడుకు ఆడెపు లక్ష్మీరాజం గైరుహాజరును లీవుగా మంజూరు చేయుట గురించి, అతని పేరు కొట్టివేయకుండుట గురించి.

1. సదరు లక్ష్మీరాజం మూడేళ్ల క్రితం ఆరు మరమగ్గాలతో, మా వాడుకలో సాంచలతో, ఈ కంపెనీ పెట్టినాడు. ప్రైవేటు కంపెనీకి ఇద్దరు డైరెక్టర్లు ఉండి తీరాలని చట్టం. "అవ్వా, ఇంకొకలు కావాలె, వేలు పెట్టు" అన్నాడు. "కంపెనీ మునిగితె?" అని అడిగినాను. "మునిగితె కంపెనే మునుగుతది, మన ఇల్లు మునుగది. గందుకే లిమిటెడ్ అంటరు" అన్నాడు. చట్టప్రకారం గుమ్మం బయట కంపెనీ పేరుతో బోర్డు కట్టినాడు. నా పేరు అంత పెద్దగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసినది.

2. గత సంవత్సరం తెలంగాణ కొరకు హైదరాబాదు ఊరేగింపునకు సదరు డైరెక్టరు వాడవాళ్లతో లారీలో బయలుదేరినాడు. సిద్దిపేట దాటినంక చాయకు ఆపినారట. దిగినాడని అందరూ అంటారు. మళ్లీ ఎక్కినాడని కొందరు, ఎక్కలేదని కొందరు. లారీ తిరిగి వచ్చినది. జగిత్యాల బస్టాండులో చూసినామంటే పోయినాను. కోరుట్లలో ఉన్నాడంటే పోయినాను. వాడు వేరే తల్లి కొడుకు. రుద్రంగిలో గుడ్డ కప్పిన పీనుగను చూపించినారు. గుడ్డ ఎత్తి చూసి కాదన్నాను. ఆ పిల్లవాని తల్లికి ఎవరు చెప్పినారో తెలియదు.

3. మా ఆడిటరు గారు సెలవిచ్చినది ఏమనగా, మూడు నెలలకొకసారి డైరెక్టర్ల మీటింగు జరగవలెను. లీవు లేకుండా వరుసగా మూడు మీటింగులకు రానివాని పదవి పోవును. ఒక్కరే మిగిలితే కంపెనీ నిలవదు. కావున మరణ పత్రమైనా తెమ్మన్నారు, రాజీనామా అయినా తెమ్మన్నారు.

"సచ్చిండని నేనెట్ల రాయిత్త సారూ? నీ కొడుకుకు నువ్వు రాయిత్తవా?"

"కాయిదం కోసమే గదా అవ్వా."

"అయితె లీవు రాయి."

"లీవు మీటింగుల ఇయ్యాలె. మీటింగుకు ఇద్దరుండాలె."

"అంటే నా కొడుకు అచ్చి, రాలేనని చెప్పి, వాని లీవు వాడే పాసు చేసుకొని పోవాలెనా?"

ఆడిటరు గారు నవ్వినారు. నాకు నవ్వు రాలేదు. వచ్చి పోయినా చాలునని మనవి.

4. పై నిబంధన దృష్ట్యా తెలియజేయునది ఏమనగా, సదరు డైరెక్టరు వస్తూనే ఉన్నాడు. సకల జనుల సమ్మెలో బొగ్గు ఆగి, కరెంటు పోయి, వాడంతా సద్దు లేకుండా ఉన్న ఒక పగటిపూట, కిటికీ పక్క సాంచలో నూలు మోసే నాడె ఈ దరి నుండి ఆ దరికి పోయిన చప్పుడైనది. ఒక్కసారే. అది అతను నడిపే సాంచ. అప్పటి నుండి కరెంటు పోయినప్పుడల్లా అవుతున్నది. నా కోడలు సంధ్యారాణి కూడా విన్నది.

"ఎలుక, అత్తమ్మా."

"ఎలుకకు నాడె ఆడిచ్చుడు ఎవలు నేర్పిండ్రే?"

ఎలుక అన్న ఆమెనే ఆ సాంచకు వేరే పనివానిని పెడదామంటే వద్దన్నది.

కావున మొన్నటి మీటింగును కరెంటు లేని వేళ పెట్టినాను. నేనొకరిని, ఆ చప్పుడు ఒకరు. ఆడిటరు గారు దానిని హాజరు కింద రాయనన్నారు.

5. తమరూ రాయనంటే ఇంకొక దారి చెబుతున్నాను. ఇద్దరికి తక్కువ ఉండరాదని చట్టం గాని, ముగ్గురు ఉండరాదని కాదు. నా కోడలిని మూడవ డైరెక్టరుగా చేర్చుటకు ఉత్తర్వు ఇప్పించండి. అతని జాగలో కాదు, అతని పక్కన. అప్పుడు అత్తాకోడళ్లం కూర్చుండి అతనికి లీవు ఇచ్చుకుంటాము.

మనుషులు పోయినా కంపెనీ పోదని, దానికి చావు లేదని ఆడిటరు గారే చదివి వినిపించినారు. చావు లేనిదానిని పుట్టించిన సర్కారుకు, నా ఒక్క కొడుకును కాయిదం మీద బతకనిచ్చుట కష్టమా?

కోపంతో చెప్పినదని పక్కన పెట్టక, తల్లి చెప్పినదని చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
ఆడెపు భూమవ్వ, ఎడమచేతి బొటనవేలి ముద్ర
సిరిసిల్ల, 2012

తా.క.: ఉత్తర్వు వచ్చేలోగా లీవు తీర్మానం రాసి పెట్టుమని సంధ్యారాణికి చెప్పినాను. అంతా రాసి, "ఎప్పటిదాకా లీవని రాయాలె అత్తమ్మా?" అన్నది. అడిగి, తనే పెన్ను కింద పెట్టింది. ఆ జాగ ఖాళీగ ఉంచినం. సారూ, నీకు దండం పెడుత, ఆడ తారీఖు ఎయ్యకు.